బిడ్డ కనుపాపలో తెల్లని మెఱుపు



అంబిక కథ నెఱుగనివారు మనలో నుండరు. వ్యాసమహర్షి రూపమును చూచి భయపడి యామె కన్నులు మూసికొన్నదనియు, అందుచేత ధృతరాష్ట్రుడు పుట్టుగ్రుడ్డి యయ్యెననియు మా తండ్రిగారు ఆదిపర్వము చదివి చెప్పుచుండగా చిన్ననాడు వింటిమి. కథగా నది మనోహరమే. కాని అందలి భావమొకటి మన యిండ్లలో నేటికిని కాపురము చేయుచున్నది. బిడ్డ కంటికి లోపము కలిగెనా, "తల్లి యేమి చేసినదో!" యను మాట మొదట పుట్టును. గ్రహణమునాడు బయట తిరిగినదని యొకరు, కడుపుతో నున్నప్పుడు తినరానిది తిన్నదని యొకరు, దాని పుట్టింటి వంశములోనే యేదో యున్నదని యొకరు. తండ్రివైపు మాత్రము ఎవ్వరును కన్నెత్తి చూడరు.

ఈ నిందలో సత్యమెంత? పసిపిల్లల కంటిలో పుట్టు ఒక దుష్టమైన కంతిని గూర్చి శాస్త్రజ్ఞులు కనుగొన్న సంగతులు ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధాన మిచ్చుచున్నవి. ఆ కంతికి రెటినోబ్లాస్టోమా యని పేరు. పేరు కఠినమైనను విషయము కఠినము కాదు. మేము వైద్యులము కాము. హబ్సిగూడలో కాపురమున్న యొక బడిపంతులుగారి యిల్లాలము. ఇంటనే పెద్దలయొద్ద నాలుగు కావ్యములు చదువుకొన్నవారము. అయినను ఈ వ్యాధి మా యింటికే వచ్చినందున దీనిని గూర్చి తెలిసికొనక తప్పినది కాదు. తెలిసిన మంచి మాటను దాచుకొనుట పాడి కాదని యిది వ్రాయుచున్నాము.

మా యింటి కథ

కొన్ని యేండ్ల క్రిందట మా తోడికోడలికి మగబిడ్డ కలిగెను. ఆమె యెడమకన్ను కృత్రిమమైనది. చిన్నతనమున గోటీబిళ్ళ తగిలి కన్ను పోయినదని పెండ్లిమాటలనాడు ఆమె పుట్టింటివారు చెప్పిరి. ఆమెయు నట్లే నమ్మియుండెను. బిడ్డకు పదునొకండవ నెల జరుగుచుండగా దీపావళి వచ్చినది. అరుగుమీద ప్రమిదలు వరుసగా వెలుగుచున్నవి. వానిని చంకనెత్తుకొని దీపములు చూపుచుండగా వాని కుడి కనుపాపలో పిల్లికంటివలె తెల్లని మెఱుపొకటి మాకు కనబడెను. "చూచితిరా, వీనిది పిల్లికన్ను! రాజయోగము గల బిడ్డ!" యని నవ్వుచు ముద్దాడినది మేమే. అందఱును సంతోషించిరి. కొన్నాళ్ళకు ఆ కన్ను ప్రక్కకు తిరిగినట్లు తోచినప్పుడు "మెల్లకన్ను అదృష్టము" అంటిమి. కన్ను ఎఱ్ఱబడినప్పుడు దిష్టి తీసితిమి. ఇట్లు నాలుగు నెలలు గడచిపోయెను.

తుదకు బిడ్డ ఆ కంటివైపునుండి చూపిన బొమ్మను పట్టుకొనకపోవుట చూచి నగరములోని యొక నేత్రవైద్యశాలకు కొనిపోయితిమి. వైద్యురాలు బిడ్డను పరీక్షించి, పిమ్మట మా తోడికోడలి ముఖమువంక చాలసేపు చూచి, "అమ్మా, మీ కన్ను ఏ వయస్సున పోయినది?" అని యడిగెను. ఆమె గోటీబిళ్ళ సంగతి చెప్పుచుండగా వెనుక కూర్చున్న ఆమె తల్లి కొంగు నోటికడ్డము పెట్టుకొని యేడ్వసాగెను. "గోటీబిళ్ళ కాదమ్మా! దీనికి ఏడాదిన్నర యున్నప్పుడు కంటిలో తెల్లగా మెఱసినది. డాక్టర్లు కన్ను తీసివేసిరి. ఆడపిల్ల, తెలిసిన పెండ్లి కాదని భయపడి, దీనికి సైతము చెప్పక యిన్నేండ్లు నా కడుపులోనే పెట్టుకొంటిని" అనెను.

బిడ్డకు రెండు కన్నులలోను కంతులు కలవని తేలెను. కుడికన్ను తీసివేయవలసి వచ్చెను. ఎడమకంటిని మందులచేతను లేజరు చికిత్సచేతను నిలిపిరి. మా అత్తగారు మొదట ఆ వియ్యపురాలిని కఠినముగా నిందించినమాట నిజము. కాని దీపావళినాటి తెల్లని మెఱుపును చూచి ముద్దాడినది మేమేకదా! ఆమె దాచినది భయముచేత. మేము కానక పోయినది అజ్ఞానముచేత. రెండింటి ఫలమును బిడ్డయే యనుభవించెను.

రెండు ప్రతుల గ్రంథము

ఇది తల్లినుండి బిడ్డకెట్లు వచ్చినది? వచ్చినచో తల్లికి ఒక కంటనే యేల, బిడ్డకు రెండు కన్నులయందేల? ఆమె తల్లిదండ్రుల కన్నులు చక్కగా నుండగా ఆమెకే యెట్లు వచ్చినది? ఈ ప్రశ్నలు మమ్ములను నిద్రపోనీయలేదు.

మేముండు ప్రాంతము ఇట్టి ప్రశ్నలకు తగినదే. తార్నాకనుండి ఉప్పలుదాక సాగిన ఈ ప్రాంతమును "శాస్త్రజ్ఞుల అగ్రహార" మని మా వారు పరిహాసమాడుదురు. ఉస్మానియా విశ్వవిద్యాలయము, జాతీయ పోషకాహార సంస్థ, రసాయన సాంకేతిక సంస్థ, భూభౌతిక పరిశోధన సంస్థ, అన్నియు దగ్గఱదగ్గఱనే యున్నవి. వానిలో కణ, అణు జీవశాస్త్ర కేంద్రము, అనగా అందఱును సి.సి.ఎం.బి. యని పిలుచునది, మా హబ్సిగూడలోనిదే. పుష్పమిత్ర భార్గవగారి పూనికతో 1977 లో ఆరంభమైన యీ సంస్థకు నేటి భవనము 1987 లో జాతికి అంకితమైనది. సెప్టెంబరు 26వ తేదీ పర్వమున విద్యార్థులకు ద్వారములు తెఱతురు. మా వారు బడిపిల్లలను వెంటబెట్టుకొని పోయినప్పుడు మేమును పోయితిమి. క్రోమోజోముల పటము నచట తొలిసారి చూచితిమి. పిమ్మట వైద్యులు చెప్పినదంతయు మాకు ఆ పటముమీదనే బోధపడినది. దానిని మనకు తెలిసిన మాటలలో చెప్పెదము.

మన దేహము కోటానుకోట్ల జీవకణములతో కట్టబడినది. దాదాపు ప్రతి కణమునందును ఒక గ్రంథము కలదు. అది 23 సంపుటములు. ఒక్కొక్క సంపుటమునకు రెండేసి ప్రతులు. తల్లి యిచ్చినది ఒకటి, తండ్రి యిచ్చినది ఒకటి. ఈ సంపుటములే క్రోమోజోములు. అందలి ఒక్కొక్క ప్రకరణము ఒక జన్యువు. శరీరములో ఏ పని యెట్లు జరుగవలెనో అందు వ్రాయబడియుండును. కణము రెండుగా చీలునప్పుడెల్లను ఈ గ్రంథమంతయు మఱల వ్రాసికొనబడును.

తాటాకులమీద కావ్యములు వ్రాసికొన్న దినములలో లేఖకులు ఎంత పండితులైనను ఎక్కడనో యొక యక్షరము జాఱవిడుచుటయు, ఒక పంక్తి తప్పుటయు కలదు. ఆ తప్పిన ప్రతిని చూచి వ్రాసిన ప్రతులన్నిటను ఆ తప్పే నిలిచిపోవును. జన్యువులందును ఇట్టి లేఖకదోషములు కలుగును. వానినే ఉత్పరివర్తనము లందురు. పెక్కు దోషములవలన హాని లేదు. కొన్నిటివలన మాత్రము అర్థమే మాఱిపోవును.

13వ సంపుటములో ఆర్.బి.1 అను ప్రకరణము కలదు. దీనిని శాస్త్రజ్ఞులు 1986 లో వేఱుచేసి పట్టుకొనిరి. కంతులను పుట్టకుండ నడ్డగించు జన్యువులలో ఇట్లు చేతికి చిక్కినది ఇదియే మొదటిది. కణము అదుపు లేక చీలిపోవుచుండగా "ఇక చాలును, ఆగుము" అని చెప్పుట దీని పని. ఆ మాట చెప్పువాడు లేనప్పుడు కణము ఒకటి రెండై, రెండు నాలుగై, తుదకు కంతిగా నగును.

ఇద్దఱు కావలివారు

ధాన్యపుకొట్టునకు ఇద్దఱు కావలివారున్నారనుకొందము. ఒకడు నిద్రపోయినను రెండవవాడు మేలుకొనియున్నంతవఱకు దొంగకు చోటు లేదు. ఇద్దఱును నిద్రించిననాడే కొట్టు లూటియగును. ఆర్.బి. జన్యువునకు రెండు ప్రతులున్నవి గనుక ప్రతి కణమునకును ఇద్దఱు కావలివారన్నమాట. అమెరికాలో ఆల్ఫ్రెడ్ నుడ్సన్ అను వైద్యుడు ఇట్టి 48 మంది రోగుల వృత్తాంతములను పరిశీలించి, కంతి పుట్టుటకు రెండు దెబ్బలు కావలెనని 1971 లో చెప్పెను. జన్యువు ఎవరికంటను పడకముందే, కేవలము లెక్కలచేత ఆయన చేసిన యీ యూహ పిమ్మట నిజమైనది.

కొందఱు పిల్లలకు రెండు ప్రతులును బాగుగనే పుట్టును. కన్ను పెరుగుచున్న దినములలో నేత్రపటలములోని ఏదో యొక్క కణమున మొదట ఒక ప్రతి, తరువాత రెండవ ప్రతి చెడును. అట్టి బిడ్డకు ఒక కంటనే, ఒక్క కంతియే కలుగును. శరీరములోని తక్కిన కణములకు దోషము లేదు. కావున అది తన సంతానమునకు దిగదు.

మఱికొందఱు పిల్లలకు తల్లి బీజములోనో, తండ్రి బీజములోనో ఒక ప్రతి చెడియే వచ్చును. ఆ బిడ్డ శరీరములోని ప్రతి కణమునను ఒక కావలివాడు పుట్టుకతోనే నిద్రపోవుచున్నాడు. నేత్రపటలములో శైశవమున లక్షలకొలది కణములు చీలుచుండును. వానిలో ఏ యొక్కదానియందు రెండవ ప్రతి చెడినను చాలును. కనుక వీరికి కంతి తప్పించుకొనుట అరుదు. తఱచుగా రెండు కన్నులందును, ఒక్కొక్క కంట పెక్కు చోటులను పుట్టును. మొదటి తెగవారి కంటె చిన్న వయస్సుననే బయటపడును. రెండు కన్నులకును వచ్చినదనగా అది పుట్టుకతో వచ్చిన దోషమే యని వైద్యులు దాదాపు నిశ్చయింతురు. ఒక కంటికే వచ్చినవారిలోను నూటికి సుమారు 15 మందికి ఆ దోషము పుట్టుకతోనే యుండును. మా తోడికోడలు ఈ 15 మందిలోనిది. కన్ను పోయినది ఒక్కటే. కాని బీజములో దోషము నిలిచియున్నది.

ఈ వ్యాధి 15,000 మొదలు 20,000 వఱకు గల శిశుజననములలో నొకరికి వచ్చును. వచ్చిన నూర్గురు బిడ్డలలో సుమారు 40 మందిది పుట్టుకతో వచ్చిన దోషము. కాని వారిలోను సుమారు 10 మందికే కుటుంబములో పూర్వమెవరికైన వచ్చియుండును. తక్కిన వారికి, తల్లిదండ్రుల దేహములలో లేని దోషము బీజమునందు క్రొత్తగా పుట్టినది. ఇట్లు క్రొత్తగా పుట్టిన దోషములలో చాలభాగము తండ్రినుండి వచ్చిన ప్రతియందే కనబడుచున్నవి! స్త్రీ బీజములు ఆమె తల్లిగర్భమున నున్నప్పుడే యేర్పడును; పురుషుని బీజములు యౌవనమునుండి జీవితాంతము వ్రాసికొనుచునే యుండును. ఎన్ని మారులు వ్రాసిన అన్ని తప్పులకు తావు గదా!

సోదరీమణులారా, ఇంతకంటె వేఱు సాక్ష్యము కావలెనా? అంబిక కన్నులు మూసికొన్నను తెఱచినను ఈ కంతి విషయమున ఒకటే. గ్రహణము గాని, తినిన తిండి గాని, చూచిన రూపము గాని దీనికి కారణములు కావు. ఇది చెప్పి మేము పురుషులను నిందింపదలచుట లేదు. లేఖకదోషము ఎవని సంకల్పముచేతను కలుగదు. నింద యన్నది ఈ వ్యాధి దరిదాపులకే రాకూడదని మాత్రమే మా మనవి.

ఒకే దోషము, వేఱు వేఱు ఫలములు

చెడిన ప్రతిగల తల్లికిగాని తండ్రికిగాని బిడ్డ పుట్టునప్పుడు ఆ చెడిన ప్రతి దిగునో, మంచి ప్రతి దిగునో బొమ్మా బొరుసా వేసినట్లే. సగమునకు సగము. మగబిడ్డ యనియు ఆడబిడ్డ యనియు భేదము లేదు. "మొదటివానికి వచ్చినది గనుక రెండవదానికి రాదు" అనుకొనుట పొరపాటు. మొదటిమారు పడిన పాటు రెండవమారు నాణెమునకు జ్ఞాపకముండదు గదా. ప్రతి కాన్పును క్రొత్త పందెమే.

చెడిన ప్రతి దిగినవారందఱకును కంతి పుట్టునా? సామాన్యముగా నూటికి 90 మందికి పైగా పుట్టును, కొందఱు తప్పించుకొందురు. వారి కన్నులు చక్కగా నుండును. కాని ప్రతి వారియొద్ద నుండును గావున వారి బిడ్డలకు దిగవచ్చును. తాతకు వచ్చి, తండ్రిని దాటి, మనుమనియందు కనబడిన కుటుంబములు ఇందుకే కలవు. కొన్ని వంశములలో దోషము జన్యువును పూర్తిగా చెఱుపక కొంత పనిచేయనిచ్చును. అట్టి వంశములలో తప్పించుకొనువారు ఎక్కువ. మఱికొందఱి కంటిలో కంతి కొంచెము పెరిగి, తనంతట తానే ఆగిపోయి మచ్చగా మిగులును. ఆ మనుష్యునికి అది యున్నట్లే తెలియదు. బిడ్డకు వ్యాధి తేలినప్పుడు తల్లిదండ్రుల కన్నులను కూడ వైద్యులు శోధించుట అందుకే.

మా యింటనే చూడుడు. తల్లికి, కుమారునకు, తరువాత పుట్టిన కుమార్తెకు ఒకే జన్యువులో ఒకే తప్పు. తల్లికి ఏడాదిన్నర వయస్సున ఒక కంట; కుమారునకు ఏడాదిలోపలనే రెండు కంట్లను; కుమార్తెకు ఒక కంట చిన్న చుక్క మాత్రము. వచ్చినది ఒకటే, ఫలించినది మూడు తీరులు. మొదటి కావలివాడు నిద్రపోవుట వంశమునుండి వచ్చినది. రెండవవాడు ఎప్పుడు, ఎక్కడ, ఎన్ని కణములలో నిద్రించుననునది యాదృచ్ఛికము. ఒకరి గతిని చూచి యింకొకరి గతి నిర్ణయింపరాదు.

వంశములో వచ్చిన దోషము వెంటనే కనబడవలెనను నియమము లేదనుటకు మా హబ్సిగూడ పరిశోధకులే వేఱొక విషయమున నిదర్శనము చూపిరి. గుండె కండరమును బలహీనపఱచు ఒక జన్యుదోషము, 25 అక్షరములు లోపించినది, భారతీయులలో సుమారు నూటికి నలుగురికి కలదని వారు ఇతరులతో కలిసి 2009 లో ప్రకటించిరి. ఆ దోషముగలవారు యౌవనమున ఆరోగ్యముగ నుండి, నడివయస్సు దాటిన పిమ్మట గుండెజబ్బునకు లోనగుదురు. కంటి కంతి శైశవమున ఫలించు విత్తు. గుండెజబ్బు ప్రౌఢవయస్సున ఫలించు విత్తు. విత్తు వేఱు, ఫలకాలము వేఱు.

మేనరికమునకును దీనికిని సంబంధమేమి?

మన తెలుగునాట ఇట్టి జబ్బు ఏది వచ్చినను "మేనరికముచేత వచ్చినది" అనుట పరిపాటి. రెటినోబ్లాస్టోమా విషయమున ఆ మాట సరికాదు. తల్లినుండిగాని తండ్రినుండిగాని ఒక్క ప్రతి చెడివచ్చిన చాలును గావున, వియ్యము దూరపువారితో నందినను, దగ్గఱివారితో నందినను ఒకటే. అట్లని మేనరికము నిరపాయమని మేము చెప్పుట లేదు. తలసేమియావంటి కొన్ని రోగములలో తల్లియు తండ్రియు ఇద్దఱును చెడిన ప్రతినే యిచ్చిననేగాని బిడ్డకు వ్యాధి రాదు. దగ్గఱి బంధువులు ఒకే తాతనుండి ఒకే దోషమును పొందియుండవచ్చును గనుక అట్టి రోగములు మేనరికమున హెచ్చును. ఏ రోగము ఏ తీరున దిగునో తెలిసి మాటాడుట మంచిది.

దాచిన నేమగును?

మన దేశమున ఈ కంతివలన బిడ్డలు నష్టపడుటకు మొదటి కారణము ఆలస్యమే. 153 దేశములలోని 4,351 మంది బిడ్డలను గూర్చి 2020 లో ప్రకటింపబడిన యొక పరిశీలనలో, ధనిక దేశములందు ఈ వ్యాధి తెలియు మధ్యస్థ వయస్సు 14 నెలలనియు, మిక్కిలి బీద దేశములందు 30 నెలలనియు తేలెను. ఈ 16 నెలల వ్యత్యాసమే కొందఱకు కన్ను, కొందఱకు ప్రాణము. కంతి కంటిలోనే యున్నప్పుడు కనుగొని తగిన చికిత్స చేసినచోట నూటికి 95 మందికి పైగా బ్రదుకుచున్నారు. అది కన్ను దాటి మెదడునకో ఎముకలకో పోయిన పిమ్మట చికిత్స కష్టము. స్కాట్లండు వైద్యుడు జేమ్సు వార్డ్రాప్ 1809 లో ఈ కంతిని వేఱుగా గుర్తించి, కన్ను తీసివేసియైనను ప్రాణము నిలుపవలెనని చెప్పినప్పుడు అది తప్ప వేఱు మార్గము లేదు. నేడు చిన్న కంతులను లేజరుచేతను, అతిశీతల చికిత్సచేతను, మందులచేతను కరగించి, కన్నును చూపును నిలుపుచున్నారు. కాని కన్ను తీయవలసినదే యని వైద్యులు చెప్పినప్పుడు సంకోచింపరాదు. "కన్ను తీయింతురా?" యని బిడ్డను ఇంటికి మరలించుకొనిపోయి, ప్రాణమే పోగొట్టుకొనువారు కలరు. కృత్రిమమైన కన్ను పెట్టించుకొని చదువుకొని, ఉద్యోగము చేసి, కాపురము చక్కదిద్దుకొనువారిని మనము చూచుచునే యున్నాము. మా తోడికోడలే యందుకు సాక్ష్యము.

తల్లులు చేయవలసినది

బిడ్డను తొడమీద వేసికొని తైలమంటునది మనము. పాలిచ్చుచు కన్నులలోనికి చూచునది మనము. వైద్యుడు నెలకొకమారు చూచిన, తల్లి దినమునకు నూరుమారులు చూచును. కావున ఈ గుఱుతులు మనసున నుంచుకొనుడు. మసక వెలుతురున కనుపాప తెల్లగాగాని, పిల్లికంటివలె పసుపుగాగాని మెఱయుట, ఫ్లాషుతో తీసిన ఛాయాచిత్రములో ఒక కనుపాప ఎఱ్ఱగాను, రెండవది తెల్లగాను ఉండుట, మెల్లకన్ను, చూపు నిలుపలేకపోవుట, విడువని యెఱుపు, వాపు. ఇవి కనబడిన ప్రతి బిడ్డకును కంతియే యని భయపడనక్కఱలేదు. శుక్లము మొదలగు ఇతర కారణములును ఉండును. పటము తీసిన కోణమువలనను తెల్లదనము కనబడవచ్చును. కాని అది ఏదియో నిర్ణయింపవలసినది వైద్యుడు. ఆ వారములోనే చూపవలెను. కంటిలో పసరులు పోయుట, ఆముదము వేయుట కూడదు.

కుటుంబములో ఎవరికైనను చిన్ననాట ఇట్టి కంతి వచ్చియున్నచో, లేక కారణము సరిగా తెలియక శైశవమున కన్ను తీసివేసియున్నచో, ఆ సంగతిని దాచక వైద్యునితో చెప్పవలెను. వారి బిడ్డలను పుట్టిన దినములలోనే పరీక్ష చేయించి, మొదట కొద్ది వారములకొకమారును, తరువాత వ్యవధి పెంచుచును, కొన్ని సంవత్సరములు విడువక చూపింపవలెను. వ్యాధి వచ్చినవారి రక్తమును పరీక్షించి ఏ అక్షరము తప్పినదో తెలిసికొన్నచో, తోబుట్టువులకును సంతానమునకును ఆ తప్పు దిగినదో లేదో రక్తపరీక్షచేతనే చెప్పవచ్చును. దిగలేదని తేలిన బిడ్డకు మాటిమాటికి పరీక్షల బాధ తప్పును. దిగినదని తేలిన బిడ్డకు కన్ను దక్కును. తల్లిదండ్రుల రక్తమున దోషము కనబడకున్నను, వారి బీజములలో కొన్నిటియందు దాగియుండుట అరుదుగా కలదు. కావున ముందు పుట్టిన బిడ్డకు పుట్టుకతో వచ్చిన దోషము తేలినచో తరువాతి బిడ్డలనుగూడ చూపింపవలెను.

పుట్టుకతో దోషముగలవారు కన్ను నయమైన పిమ్మటను కొంత జాగ్రత్తగా నుండవలెను. వారి యితర కణములందును ఒక్క కావలివాడే గనుక, పెద్దయైన తరువాత ఎముకలలోను, మెత్తని కండలలోను, చర్మమునందును కంతులు పుట్టుట ఇతరులకంటె ఎక్కువ. విడువని ఎముక నొప్పిని, పెరుగుచున్న గడ్డను ఉపేక్షింపరాదు. అనవసరముగా ఎక్స్‌రే, సి.టి. పరీక్షలు చేయించుకొనక, తమ పూర్వవృత్తాంతమును ప్రతి వైద్యునికిని చెప్పవలెను.

మన నగరమున ఇందుకు వసతులు లేకపోలేదు. "సంసారం", "మిస్సమ్మ" చిత్రములతో మనలను అలరించిన ఎల్.వి. ప్రసాదుగారు స్థలమును ధనమును ఇచ్చుటచే 1987 లో బంజారాహిల్సున వెలసిన నేత్రవైద్యసంస్థలో కంటి కంతులకు ప్రత్యేక విభాగము కలదు. అచ్చటి పరిశోధకులు మన బిడ్డలయందు ఆర్.బి. జన్యుదోషములను శోధించి ప్రకటించియున్నారు. ధనము లేనివారికి ఉచితముగ చూచు ఏర్పాటు కలదు. మెహదీపట్టణమున సరోజినీదేవి ప్రభుత్వ నేత్రవైద్యశాల యున్నది. ఇక జన్యుపరీక్షలకు, మాకు సమీపమున ఉప్పలులోనున్న డి.ఎన్.ఏ. వ్రేలిముద్రల, వ్యాధినిర్ధారణ కేంద్రము పేరెన్నికగన్నది.

మా చిన్నది

కుమారుని చికిత్స ముగిసిన రెండేండ్లకు మా తోడికోడలు మఱల గర్భవతి యైనది. "మఱల నెందుకు?" అన్నవారు కొందఱు. ఆమె మా చేయి పట్టుకొని, "అక్కయ్యా, ఈసారి మొదటి దినముననే తెలిసికొందము; తెలియకపోవుటకంటె పెద్ద కష్టము లేదు" అనెను. ఆడబిడ్డ పుట్టినది. మొదటి వారముననే కన్నులు చూపితిమి, ఏమియు లేదనిరి. రక్తపరీక్షలో తల్లి తప్పు బిడ్డకును దిగినదని తేలెను. ఆనాడు ఇంట అన్నము ముట్టినవారు లేరు. మూడవ పరీక్షలో ఎడమకంట ఆవగింజంత చుక్క కనబడెను. దానిని వెంటనే లేజరుతో మాడ్చిరి. తరువాత ఎన్ని మారులు చూచినను క్రొత్తది పుట్టలేదు.

ఇప్పుడు ఆ చిన్నదానికి ఐదవ యేడు. మొన్న దసరాకు అక్షరాభ్యాసము చేసితిమి. పలకమీద "ఓ న మః" వ్రాసి, తల యెత్తి, రెండు కన్నులతోను మమ్ములను చూచి నవ్వినది. అన్న ప్రక్కన కూర్చుండి తన ఒక్క కంటితో చెల్లెలి అక్షరములు దిద్దుచుండెను. ఒకే తల్లి, ఒకే దోషము. కాని వానికి మేము మౌనమునిచ్చితిమి, ఆమెకు మాటనిచ్చితిమి. వారిద్దఱి చూపులలోని భేదములో సగము వారి నొసటి వ్రాత కావచ్చును. తక్కిన సగము మాత్రము మన నోటి మాటయే.

వియ్యపురాలిని మా అత్తగారు ఆనాడు తమ ప్రక్కను కూర్చుండబెట్టుకొని, చిన్నదాని చేతికి ఆమెచేతనే పలక యిప్పించిరి. ఆ ముసలితల్లి కన్నుల నీరు ఆగలేదు. ఎవ్వరును ఆమెను పాతమాట యడుగలేదు.

సోదరీమణులారా, ఈ సాయంకాలము దీపము పెట్టిన పిమ్మట మీ పసిబిడ్డను ఒకమారు ఒడిలో పరుండబెట్టుకొని కన్నులలోనికి చూడుడు. నల్లని కనుపాపలు రెండును మీ ముఖమునే చూపినచో ముద్దాడుడు. తెల్లని మెఱుపు కనబడినచో ముద్దాడుట మానక, మఱునాడే వైద్యునియొద్దకు కొనిపొండు.